ఉబ్బిన గడియారం, సమ్మమ్మ చెయ్యి

సమ్మమ్మ అడుగులను గడియారం లెక్కపెట్టడం మొదలై పద్నాలుగు నెలలైంది. అంతకు ముందు నలభై ఏళ్లు నడిచిన నడకను ఎవరూ లెక్కపెట్టలేదు. నర్సంపేట దిక్కు పల్లెలో పుట్టి మడికొండకు కోడలుగా వచ్చింది. నాట్లు వేసింది, పత్తి ఏరింది. మా కిరాణా దుకాణానికి ఎదురుగా అయిదంతస్తుల అపార్ట్‌మెంట్లు కట్టేటప్పుడు తలమీద ఇసుక మోసింది. కట్టడం అయిపోయాక అవే మెట్లు ఊడ్చే పనికి కుదిరింది. ఇసుక మోసిన రోజుల్లో పట్టుకోవడానికి మెట్లకు రెయిలింగు లేదు, ఇప్పుడుంది. ఇన్నేళ్లలో ఆమెకు కలిగిన సుఖం అదొక్కటే.

పని ఇచ్చేది అపార్ట్‌మెంటు వాళ్లు కాదు, ఒక ఏజెన్సీ. ఊడ్చే ఆడవాళ్లు పదకొండు మంది, వాళ్లమీద భానుచందర్ అని ఒక సూపర్‌వైజర్. ఆయనకు ఇలాంటి జాగాలు ఇంకో మూడున్నాయి కాబట్టి ఇక్కడికి రోజూ రాడు. రాకుండానే చూడటానికి అందరి చేతులకూ ఒకే తీరు నల్ల గడియారాలు కట్టించాడు. అవి అడుగులు లెక్కపెడతాయి. గేటు దాటితే ఆయన ఫోనుకు చెప్తాయి. పావుగంట కదలకపోతే కూర్చున్నట్టు రాసుకుంటాయి. నెలలో మూడు రోజులు కదలలేదని పడితే నాలుగో రోజు రావద్దంటారు. అత్తగారు కూడా ఇంత కాపలా కాయదు, ఆమెకు మధ్యాహ్నం పూట కునుకైనా పడుతుంది.

ఆ పదకొండు మందిలో ప్రేమలత ఒకతె, ముప్పై ఏళ్ల పిల్ల. ఆమె తల్లికి కిడ్నీలు పోయాయి. మంగళవారం, శుక్రవారం దవాఖానకు తీసుకుపోయి డయాలసిస్ చేయించాలి. తీసుకుపోయే దిక్కు ఇంకెవరూ లేరు. వారానికి రెండు రోజులు సెలవిచ్చే ఏజెన్సీ ఈ భూమ్మీద ఇంకా పుట్టలేదు. అందుకని ఆ రెండు రోజులూ ప్రేమలత పొద్దున్నే వచ్చి మా దుకాణం అరుగు మీద తన గడియారం విప్పి సమ్మమ్మకు ఇచ్చేది. సమ్మమ్మ రెండు చేతులకూ రెండు కట్టుకుని, తనదీ ఆమెదీ రెండు బ్లాకులూ ఊడ్చేది. మధ్యాహ్నం ప్రేమలత తిరిగొచ్చి, గేటు లోపల నీళ్ల ట్యాంకు వెనక తనది తాను తీసుకునేది. దీన్ని ఎవరైనా మోసం అంటే నేను ఒప్పుకోను. మెట్లు ఊడ్వని రోజు ఒక్కటి లేదు. రెండు గడియారాలూ నడిచాయి, రెండు బ్లాకులూ అద్దంలా ఉన్నాయి. నడిచిన కాళ్లు మాత్రం రెండే.

ఎండలు ముదురుతున్నప్పుడు సమ్మమ్మ గడియారం ఉబ్బడం మొదలైంది. అద్దం ఒక పక్క లేచి, లోపల వేలిగోరు దూరేంత సందు పడింది.

"ఏందే, నీ గడియారం పూరీ లెక్క పొంగింది?" అని అడిగాను.

"నీళ్లు దాగింది పెద్దమ్మా. తడిబట్ట పిండంగ వొయ్యుంటయ్. బియ్యంల వెడితె అయ్యే గుంజుకుంటయ్."

"సారుకు జెప్పరాదే."

"చెప్తె పైసలు గట్టుమంటడు. ఏడాది గ్యారంటి ఉండె, అది అయిపాయె. నువ్వే ఖరాబు జేసినవ్ అని నా మీదికే వస్తది."

బియ్యంలో పెట్టింది. తగ్గలేదు సరికదా ఇంకాస్త పొంగింది. తరవాత రుబ్బే పొత్రం కింద పెట్టి అణచింది. అదీ పనిచేయకపోతే తలకు పెట్టుకునే రబ్బరు దాని చుట్టూ రెండు మెలికలు వేసింది. తెగిన చెప్పుకూ, పగిలిన బకెట్‌కూ మనం చేసుకునేది ఇదే కదా. లోపల బ్యాటరీ అనేది ఒకటుందని, నీళ్లు లేకుండానే అది ఉబ్బుతుందని, ఉబ్బినదాన్ని అణచకూడదని ఆమెకు ఎవరు చెప్పారు? కట్టించినవాడు చెప్పలేదు. నాకు తెలిస్తే కదా నేను చెప్పడానికి.

ఒక బుధవారం మధ్యాహ్నం దాన్ని సెక్యూరిటీ గదిలో చార్జింగుకు పెట్టి, పక్కనే కూర్చుని అన్నం తింది. పావుగంట దాటిపోతుందేమోనన్న భయంతో వేడి వేడిగానే చేతికి కట్టుకుని లేచింది. అయిదో అంతస్తు మెట్లమీద ఉండగా కాలడం మొదలైంది. విప్పాలంటే ముందు రబ్బరు లాగాలి, తరవాత పట్టీ తీయాలి. రెండో చేతిలో సబ్బునీళ్ల బకెట్ ఉంది. విసిరేస్తే నీళ్లు కింది అంతస్తు దాకా పారతాయని, ముందు బకెట్‌ను మెల్లగా దించి, తరవాత గడియారం విప్పింది. ఆ కాస్త ఆలస్యానికి ఎడమ మణికట్టు తోలు లేచిపోయింది.

సాయంత్రం మా అరుగు మీద కూర్చుని కొంగు తీసి చూపించింది. బకెట్ సంగతి కూడా చెప్పింది.

"చెయ్యి గాలుతాంటె బకెటు జూస్తారే ఎవలన్న?"

"మళ్ల తుడుసుడు నేనే గద పెద్దమ్మా."

కొబ్బరినూనె ఇచ్చాను. మర్నాటి నుంచి గడియారాన్ని కుడిచేతికి, దస్తీ చుట్టి దాని మీద కట్టుకుంది. ఎడమ చెయ్యి కొంగు కింద దాచింది.

ఆదివారం నాడు ఫోను పట్టుకుని వచ్చింది. భానుచందర్ అందరికీ మెసేజీ పెట్టాడట, చదవమంది. నేను చదివింది మూడో తరగతే అయినా ఈ వాడకట్టులో మెసేజీలన్నీ నా అద్దాల ముందుకే వస్తాయి. డిగ్రీలు చదివినవాళ్లు కార్లలో పోతుంటారు, ఆపి అడగడానికి కుదరదు.

గడియారాల్లో కొన్నిటికి బ్యాటరీ ఉబ్బుతున్న సంగతి కంపెనీకి తెలిసిందట. గ్యారంటీ దాటినా సరే పైసా తీసుకోకుండా బాగుచేసి ఇస్తారట. సోమవారం పది గంటలకు కంపెనీ మనిషి వస్తాడు. గడియారం ఎవరి పేరు మీద ఉందో వాళ్లే తేవాలి, వెనక ఉన్న నంబరు పేరుతో కలవాలి. చెయ్యి కాలినవాళ్లుంటే చూపించాలి. వాళ్లకు వైద్యం కంపెనీదే, పైగా జీతంతో వారం సెలవు.

"ఏమంటివి? జీతంతోటి సెలవా?" అంది సమ్మమ్మ. "మళ్ల సదువు."

చదివాను. ఇంకోసారి చదవమంది. మళ్లీ చదివాను. పుట్టి బుద్ధెరిగాక ఆ రెండు మాటలూ ఒకదాని పక్కన ఒకటి ఆమె చెవిన పడటం అదే మొదలు. వారం రోజులు ఏం చేస్తావే అంటే, "పంట" అంది. పడుకుంటాను అని. ఇంకేమీ అడగలేదు.

మెసేజీ కింద పదకొండు పేర్లు, పేరు పక్కన నంబరు ఉన్నాయి. సమ్మమ్మది 2086. ఉబ్బిన గడియారం తిప్పి, అద్దాలు తుడుచుకుని చూశాను. 5139 అని ఉంది. మళ్లీ జాబితా చూశాను. 5139 ప్రేమలత పేరు పక్కన ఉంది.

నీళ్ల ట్యాంకు వెనక, గబగబా విప్పి గబగబా ఇచ్చుకునే ఆ మధ్యాహ్నాల్లో ఎప్పుడో ఒకనాడు గడియారాలు మారిపోయాయి. ఎన్ని నెలలైందో ఇద్దరికీ తెలియదు. సమ్మమ్మ చెయ్యి కాల్చింది ప్రేమలత గడియారం.

ప్రేమలతను పిలిపించాం. సంగతి వినగానే ఆ పిల్ల మొహం తెల్లబోయింది. సమ్మమ్మ ఈ గడియారం పట్టుకుపోయి కాలిన చెయ్యి చూపిస్తే, ప్రేమలత గడియారం నీ చేతికెందుకుంది అని అడుగుతారు. అడిగినవాళ్లు ఫోను తీసి చూస్తారు. ప్రతి మంగళవారం, శుక్రవారం రెండు గడియారాలూ ఒకే మెట్టు మీద ఒకే నిమిషంలో ఎక్కి దిగినట్టు అందులో ఉంటుంది. ఇక ఇద్దరికీ పని ఉండదు.

"అత్తా, నేనే జెప్త సారుకు," అంది ప్రేమలత. "మా అవ్వ కోసం నీ చెయ్యి గాలిందని జెప్త. ఏమన్న గానియ్."

"చెప్పి? ఇద్దరం ఇంట్ల గూసుందామా? మీ అవ్వను ఏం బెట్టి దవాఖానకు దీస్కపోతవ్?"

"మరి నీ చెయ్యో?"

"చెయ్యి మానుతది. నౌకరి పోతె మానుతదా?"

నాకు ఒళ్లు మండింది. "ఊకె ఇస్తమన్నదానికి గిన్ని షరతులా? పైసలు వెట్టి కొన్నదానికి గూడ ఇన్నుండయ్. రేపు నేనొచ్చి మాట్లాడత వానితోటి," అన్నాను.

"నువ్వు మాట్లాడితె ఉన్నది గూడ ఊశిపోతది పెద్దమ్మా," అంది సమ్మమ్మ. "నీ నోరు నాకు ఎరుకలేదా?"

అక్కడికక్కడే గడియారాలు మార్చుకున్నారు. ఉబ్బినది ప్రేమలతకు పోయింది, బాగున్నది సమ్మమ్మకు వచ్చింది. పేర్లు సరిపోయాయి. ప్రేమలత చేతికి దస్తీ చుట్టి, మీద గడియారాన్ని వదులుగా కట్టింది సమ్మమ్మ. "చార్జింగు వెట్టకు. జర్ర ఏడి తగిలినా తీసి అవతల వారెయ్. బకెటు గికెటు సూడకు," అంది.

సోమవారం పొద్దున నాకు ఊరుకోబుద్ధి కాలేదు. రెండో అంతస్తులో ఒకరికి చాయపత్తా ఇచ్చి వస్తానని గేట్లోకి పోయి, కార్లు పెట్టే చోట నిలబడ్డాను. కంపెనీ మనిషి ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాడు. నలభై దాటినవాడు, నెమ్మదస్తుడు. పక్కన ఇసుక పోసిన ఇనప డబ్బా. ఉబ్బిన గడియారాన్ని పసిగుడ్డును పట్టుకున్నట్టు రెండు వేళ్లతో పట్టుకుని అందులో పెడుతున్నాడు. అలా పట్టుకోవాల్సిన దాన్ని ఇన్ని రోజులు సమ్మమ్మ చేతికి కట్టుకుని మెట్లెక్కింది.

పదకొండింటిలో మూడు ఉబ్బినవి తేలాయి. ప్రేమలత వంతు వచ్చింది. నంబరు చూశాడు, పేరు చూశాడు, సరిపోయింది.

"దీని చుట్టూ ఏదో కట్టిన గుర్తుంది. అణచారా అమ్మా?"

ప్రేమలత తల ఊపింది.

"అట్లా చేయొద్దమ్మా, పేలిపోతుంది. చెయ్యి చూపించండి."

దస్తీ విప్పింది. గాజుల కింద ఆ పిల్ల మణికట్టు ఏ మచ్చా లేకుండా నున్నగా ఉంది. ఫోనుతో ఫొటో తీసుకున్నాడు.

"అదృష్టవంతులు మీరు. ఇంత ఉబ్బింది, ఏమీ కాలేదు," అన్నాడు.

ప్రేమలత భోరున ఏడ్చింది. వెనక నిలబడ్డ భానుచందర్‌కు అర్థం కాలేదు. "ఎందుకేడుస్తానవ్? ఊకెనే జేసిస్తాండ్రు గద! పైస గూడ అడుగుతలేరు," అన్నాడు.

"ఇంకెవరికైనా చెయ్యి కాలిందా?" అని కంపెనీ మనిషి అందరినీ అడిగాడు. ఊరికే అడగలేదు, ఒక్కొక్కరి మొహం చూస్తూ అడిగాడు. సమ్మమ్మ వరసలో నాలుగోది. బాగున్న గడియారం కుడిచేతికి కట్టి ముందుకు పెట్టింది, ఎడమ చెయ్యి కొంగు కింద ఉంది. ఆయన చూపు ఆమెను దాటి అయిదో మనిషి మీదికి పోయింది. నా నాలుక చివరిదాకా మాట వచ్చింది. అప్పుడు సమ్మమ్మ నావైపు చూసింది. బతిమాలే చూపు కాదు, కోపం చూపూ కాదు. అలిసిపోయిన మనిషి, ఇంకో పని మీద పెట్టొద్దు అని చూసే చూపు. నోరు మూసుకున్నాను. డెబ్బై ఒక్క ఏళ్లలో అంత బరువు నోట్లో ఎప్పుడూ పెట్టుకోలేదు.

మధ్యాహ్నానికి సమ్మమ్మ చెయ్యి వాచి చీము పట్టింది. ఆమె గడియారం ప్రేమలత చేతికి కట్టించి, దుకాణానికి తాళం వేసి, ఆమెను రాంచందర్ దగ్గరికి లాక్కుపోయాను. మా దగ్గర జ్వరాలకూ దెబ్బలకూ మందిచ్చే ఆరెంపీ డాక్టర్ ఆయనే.

"ఎట్ల గాలిందమ్మా?"

"రొట్టె జేత్తాంటె పెనం అంటుకున్నది సారు."

ఆయన చెయ్యి వెలుతురుకు తిప్పి చూశాడు. "పెనమా? నాలుగు మూలలు గీత గీసినట్టున్నయ్. నలుచదరం పెనం ఎవలింట్ల ఉంటది?"

సమ్మమ్మ నేల చూసింది. ఎన్ని అబద్ధాలు మోస్తుంది పాపం, చెయ్యి కూడా ఒకటే మిగిలింది.

"మా దుకాణంలనే కొన్నది," అన్నాను. "ఇంకొకటున్నది. నీకు గావాల్నా?"

రాంచందర్ నన్ను చూశాడు, ఆమెను చూశాడు. "నాకెందుకు సావిత్రమ్మా," అని గాయం కడిగి మందు రాశాడు. గుడ్డ చుడుతూ, "పది రోజులు నీళ్లల్ల పెట్టకు. పనికి పోకు," అన్నాడు.

"సరె సారు," అంది. డాక్టర్లు చెప్పిన దేనికైనా లేనివాళ్లు సరే అంటారు, ఆ సరేకు ఖర్చు లేదు కదా. బయటికి వచ్చి, నాలుగైందా పెద్దమ్మా అని అడిగి, నన్ను నడి తొవ్వలో వదిలి గేటు వైపు నడిచింది. సాయంత్రం ఊడ్పు ఇంకా మిగిలి ఉంది మరి.

పదిహేను రోజులకు ప్రేమలత పేరు మీద కొత్త గడియారం వచ్చింది. పైసా తీసుకోలేదు, మాట మాటే, అబద్ధం చెప్పకూడదు. సమ్మమ్మ చెయ్యి ఇంకా పూర్తిగా మానలేదు. ఇప్పుడు సమ్మమ్మ బ్లాకులో కూడా తడిబట్ట ప్రేమలతే పెడుతుంది, ఈమె చీపురు మాత్రం పడుతుంది. మంగళవారం, శుక్రవారం గుడ్డ మీద ప్లాస్టిక్ కవరు కట్టుకుని రెండు గడియారాలతో రెండు బ్లాకులూ ఈమే చేసుకుంటుంది.