రోజు సూది, వారం సూది

మా మల్కాపురంలో "ఆయన సూది మీదకెళ్ళిపోయాడు" అన్నారంటే ఇంకేం అడగక్కర్లేదు. సుగరు బిళ్ళలకి లొంగలేదు, ఇన్సులిన్ మొదలైందని అర్థం. ఆ మాట అనేటప్పుడు గొంతు కూడా తగ్గిస్తారు. నాకు నవ్వొచ్చేది. నేను జాకెట్లు కుట్టే మనిషిని. పొద్దున్న లేచిన దగ్గర్నుంచీ సూది మీదే బతుకుతున్నాను, నాకేమైందని! మా ఆయన వంతు వచ్చేసరికి ఆ నవ్వు కాస్తా పోయింది.

ఆయన పోర్టులో ఒక కాంట్రాక్టరు దగ్గర క్రేను ఆపరేటరు. డాక్టరుగారు రిపోర్టు చూసి, బిళ్ళలు ఇంక చాలవు, ఒళ్ళు కూడా తగ్గాలి అన్నారు. రెండు దారులు చూపించారు. ఒకటి రోజూ వేసుకునే ఇన్సులిన్. రెండోది ఈమధ్య అందరి నోటా నానుతున్న వారం సూది, అంటే వారానికి ఒక్కసారే. సుగరూ తగ్గుతుంది, ఒళ్ళూ తగ్గుతుందట. "మీ వీలు చూసుకుని చెప్పండి" అన్నారు. వీలంటే డబ్బులని మాలాంటివాళ్ళకి విడమరిచి చెప్పాలా?

ధరకైతే ఇన్సులినే చవక. నా మనసులో లెక్క అక్కడికక్కడే తేలిపోయింది. ఆస్పత్రి మెట్లు దిగుతూ ఆయన అన్నారు, "ఇన్సులిన్ ఏసుకుంటే నన్ను క్రేనెక్కనివ్వరే."

అదేటని అడిగాను. ఇన్సులిన్ వేసుకునేవాళ్ళకి ఒక్కోసారి సుగరు ఉన్నట్టుండి పడిపోతుంది. చెమటలు పట్టి కళ్ళు తిరుగుతాయి. ఇంట్లో అయితే నోట్లో ఇంత పంచదార వేస్తాం. అంత ఎత్తున, కొక్కేనికి సరుకు వేలాడుతుండగా అయితే? అందుకే వాళ్ళ కాంట్రాక్టరు ఏటా చేయించే మెడికల్లో ఆ సంగతి అడుగుతారు. ఇన్సులిన్ అంటే కిందికి దింపేస్తారు. కింద పనికి జీతం తక్కువ. అది ఎలాగో సర్దుకోవచ్చు. కానీ పెళ్ళినాటికే క్రేను మీదున్న మనిషి, దిగిపోమంటే ఏమైపోతారోనని నాకు బెంగ పట్టుకుంది.

వారం సూదితో సుగరు అలా పడిపోవడం అరుదట. అప్పట్నుంచీ ఈ వారం సూది సంగతేమిటో తేల్చాలని పట్టుపట్టాను. ఒకటి బుర్రలో పడిందంటే తేలేదాకా నాకు అన్నం సహించదు. మెయిన్‌రోడ్డు మీద మందులషాపు భాయిని ముందు పట్టుకున్నాను. పాతూరు నుంచి రోజూ వచ్చి షాపు తీస్తాడు, ఓపికున్న మనిషి.

"అదేటి భాయ్, రెండు డబ్బాల మీదా ఒకటే మందు పేరు. ధర చూస్తే ఇదొకటి, అదొకటి?"

"అది సుగరుకమ్మా. ఇది ఒళ్ళు తగ్గడానికి."

"లోపల?"

"లోపల మందొకటే. డోసు తేడా ఉంటాది."

"ఓలమ్మ! ఒకే తాను గుడ్డ, రెండు షోరూముల్లో పెట్టారన్నమాట."

భాయి నవ్వి ఇంకో ముడి కూడా విప్పాడు. అందరూ చెప్పుకునే చవక ధర మొదటి నెల డోసుది. తరవాత డాక్టరు డోసు పెంచుకుంటూ పోతే ధర కూడా పెరుగుతుంది. గుడ్డ కొనేటప్పుడు మీటరు రేటు చూసి మురిసిపోయి, పన్నా ఎంత వెడల్పో చూసుకోకపోతే జాకెట్టుకి చేతులు రావు. ఇదీ అంతే. చివరి డోసు ధర చెప్పమన్నాను. చెప్పాడు. మా ఇంటద్దె దాని పక్కన చిన్నబోయింది.

ఆ వారమే మా వీధిలో పుట్టి పెరిగిన అమ్మాయి ఒకతె సంచీడు జాకెట్లు పట్టుకొచ్చింది. రుషికొండలో ఐటీ ఆఫీసులో చేస్తోంది, వాళ్ళమ్మని చూడ్డానికి వచ్చినప్పుడల్లా కుట్టుపని నాకే ఇస్తుంది. అన్నీ బిగించాలంది. టేపు పెట్టి చూస్తే నిజంగానే సగమైపోయింది.

"ఏటి తింటన్నావమ్మా?"

"తినట్లేదాంటీ. పెన్ను వాడుతున్నాను."

తిన్నదల్లా రాసుకుంటోంది కాబోలనుకుని, "మంచిదే, రాసుకుంటే ఎంత తిన్నామో తెలుస్తాది" అన్నాను. పడీ పడీ నవ్వింది. పెన్నంటే ఈ సూదేనట! చూడ్డానికి పెన్నులా ఉంటుందట. ఇక వదుల్తానా? ఆకలి ఉండదా, వికారం ఎన్నాళ్ళు, ఎక్కడ కొంటున్నావు, కంపెనీ ఇన్సూరెన్సు ఇస్తుందా అని కూర్చోబెట్టి అడిగాను. ఒళ్ళు తగ్గడానికని రాస్తే ఇన్సూరెన్సు ఇవ్వనన్నారట, అంతా సొంత జీతంలోంచే. వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగింది.

"బిగించండి గానీ లోపల గుడ్డ కత్తిరించకండాంటీ."

"ఏం?"

"మానేస్తే ఒళ్ళు మళ్ళీ వచ్చేస్తుందంట. ఎన్నాళ్ళు కొనగలనో తెలీదు కదా."

నేను అప్పటిదాకా నెలకెంతని అడుగుతున్నాను. ఎన్ని నెలలని నాకు తట్టనేలేదు.

మాకు ఇంక ఇన్సులినే గతి అని నేను అనుకుంటున్న రోజుల్లో, ఒక ఆదివారం మేం చర్చి నుంచి రాగానే ఆయనతో పనిచేసే ఇంకో ఆపరేటరు టీకి వచ్చాడు. ఇద్దరూ బావా బావా అనుకుంటారు. సంగతంతా విని అతను తేలిగ్గా తీసిపారేశాడు.

"ఓస్, ఇంతేనేటి? రోజు సూదే ఏసుకో బావా, సవక. మెడికల్ల అడిగితే బిళ్ళలేనని సెప్పీ. ఎవుడొచ్చి సూత్తాడు?"

నాకూ ఆ మాట బాగానే ఉందనిపించింది. ఆయన గ్లాసు కింద పెట్టారు. ఆయనకి కోపమొస్తే గొంతు పెరగదు, తగ్గుతుంది.

"నా కొక్కెం కింద నిలబడి సెయ్యి ఊపేవోడున్నాడు సూడు, ఆడు నన్ను నమ్ముకునే నిలబడతాడు. నాకు కళ్ళు తిరిగితే పడేది నాను కాదు బావా, ఆడి మీద సరుకు. ఆడికి నాను బిళ్ళలేసుకుంటన్నానని సెప్పమంటావేటి?"

"ఊరికే అన్నాన్లే బావా" అని అతను బిస్కెట్టు అందుకున్నాడు. నేను వంటింట్లోకి పోయి పోపుల డబ్బాలో డబ్బులు లెక్కపెట్టాను. మర్నాడే వారం సూది కొన్నాం.

ఆదివారం సాయంత్రాలు వేసుకునేవారు. డబ్బా మా ఫ్రిజ్‌లో, కోడిగుడ్ల పక్కన. పదిమందిలో తిని తాగే మనిషి ముద్ద ముట్టకపోయేసరికి ఎదురింటి మామ్మకి అనుమానమొచ్చింది. "మీ ఆయన ఏ వారం ఉంటన్నాడే? శనివారమా?" అని, మేం చర్చికెళ్ళేవాళ్ళమన్నది మరిచిపోయి అడిగింది. "సూదివారం మామ్మా" అన్నాను. ఆవిడ చాలాసేపు అది ఏ దేవుడి వారమోనని ఆలోచించింది.

మొదట్లో కడుపులో తిప్పి వాంతులయ్యేవి. వంజరం చేప ముక్క వేయించి పెడితే వాసనకే లేచి వెళ్ళిపోయేవారు. అలా ఒక రోజు ఆయనే సూపర్‌వైజరు దగ్గరికెళ్ళి, ఒళ్ళు కుదురుకునేదాకా కింద పని ఇమ్మని అడిగి వచ్చారు. నాకు ఒళ్ళు మండిపోయింది.

"క్రేనెక్కాలనే కదండీ అంత పోసి కొన్నాం! ఇప్పుడు మీ అంతట మీరే దిగిపోతారేటి?"

"కడుపు తిప్పుతుంటే పైన క్రేను లీవరు పట్టుకోలేనే."

కింద ఉన్నన్నాళ్ళూ జీతం తగ్గింది, సూది ధర తగ్గలేదు. రాత్రుళ్ళు కూడా మిషను తొక్కాను.

తరవాత నెమ్మదిగా ఆయనకి ఆ వికారం పోయింది. అదృష్టమేమంటే, ఆ మందునే ఇంకా చాలా కంపెనీలు చెయ్యడం మొదలుపెట్టాయి. ఒకరోజు భాయి నన్ను రోడ్డు మీద కేకేసి మరీ చెప్పాడు, ధర బాగా పడిపోయిందని. డాక్టరుగార్ని అడిగి మార్చుకున్నాం. ఇది మన పరవాడ మందుల ఫ్యాక్టరీల్లో చేస్తారేమో అని భాయిని అడిగితే, "అయినా అవుతాదమ్మా, మనకెవరు సెప్తారు" అన్నాడు. ఆ సంగతి నాకింకా తేలలేదు.

మెడికల్‌కి ఆయన సూది డబ్బా చేత్తో పట్టుకునే వెళ్ళారు. అక్కడి డాక్టరు సూదనగానే తల ఎత్తాడట. ఇన్సులిన్ కాదండి, వారం సూదని ఈయన డబ్బా చూపించారట. రిపోర్టులూ కళ్ళూ అన్నీ చూసి ఎక్కమన్నారు. ఆ రోజు మా ఇంట్లో పండగే.

ఆయన మళ్ళీ క్రేనెక్కిన కొద్దిరోజులకి, నాకు ముఖపరిచయం లేని ఒకామె జాకెట్టు గుడ్డ పట్టుకుని వచ్చింది. గాజువాక అవతల నుంచట. అంత దూరం నుంచి నా దగ్గరికేమిటా అనుకుంటూనే టేపు పెట్టాను. ఆమె ధ్యాస కొలతల మీద లేదు.

"అక్కా, ఒక మాటడుగుతాను, తప్పట్టుకోకు. మీ ఆయన ఏ సూదేసుకుంటన్నాడు?"

టేపు కింద పెట్టాను.

"మా ఆయన మీ ఆయన క్రేను కింద సెయ్యి ఊపుతాడక్కా. సూదంట, సూదంట అని అక్కడందరూ అంటన్నారు. మొన్న మీ ఆయన కింద పనిసేసిన్నాళ్ళూ మా ఆయన కంటినిండా పడుకున్నాడు. ఇప్పుడు మళ్ళీ నిద్దరోడం లేదు."

ఫ్రిజ్ తెరిచి డబ్బా తెచ్చి ఆమె చేతిలో పెట్టాను. నాకు తెలిసిందంతా చెప్పాను. ఆమె తల ఊపుతూనే ఉంది గానీ భయం తగ్గలేదు. ధర ఎంతో ఒక్కసారి కూడా అడగలేదు. లోపలి గదిలోంచి ఆయన అంతా విన్నట్టున్నారు, బయటికొచ్చి ఆమెకి ఎదురుగా కూర్చున్నారు.

"సూడమ్మా, రేపట్నుంచి పొద్దున్నే వేలు గుచ్చుకుని సుగరు సూసుకుంటాను. ఎంతుందో మీ ఆయనకి సెప్పే ఎక్కుతాను. ఆడు ఒద్దంటే ఎక్కను. సరేనా?"

ఆమె కళ్ళు తుడుచుకుని, అప్పుడు నిటారుగా నిలబడి కొలతలు ఇచ్చింది.

ఆయన అన్నమాట ఇప్పటికీ తప్పలేదు. సుగరు చూసే మిషనుకి రోజుకో స్ట్రిప్పు కావాలి. ఆ స్ట్రిప్పుల డబ్బా మాత్రం భాయి చెప్పిన ధరకే కొంటున్నాను, ఇంకో షాపులో అడగలేదు.