అత్త ఎక్కిన పన్నెండో అంతస్తు

మా అత్త, అంటే నాన్నకు అక్క, ముప్పై ఏళ్ళుగా ఒకే మాట మీద నిలబడింది. ఇంట్లో మొట్టమొదటి కంప్యూటరులో ఉన్న కోట ఆటను చివరిదాకా గెలిచింది తానేనట. అందరూ పెళ్ళికి వెళ్ళిన ఒక మధ్యాహ్నం ఒంటరిగా కూర్చుని పన్నెండు అంతస్తులూ ఎక్కేసిందట. చూసినవాళ్ళు లేరు. నాన్న మాత్రం "పచ్చి అబద్ధం" అనేవాడు, అదీ కొట్టినట్టు. ఏ విందు జరిగినా మా ఇంట్లో పాయసంతో పాటు ఈ తగువునూ వడ్డించేవారు.

పోయిన ఏడాది అత్త నన్ను పట్టుకుంది. "కన్నూ, నువ్వు కంప్యూటరు చదివినదానివి కదా. ఆ ఆటను ఒకతూరి నడిపించి ఈయమ్మా. చచ్చేలోపల వాడి నోరు మూయించాల." అత్తకు యాభై ఏళ్ళు, చచ్చే తొందరేమీ లేదు. నవ్వుతూనే అంది గానీ, ఆ మాటలో ముప్పై ఏళ్ళ కసి ఉంది. సరే అన్నాను.

ఆట ఫ్లాపీ నుంచి సీడీకి, సీడీ నుంచి పెన్‌డ్రైవ్‌కి వలస వచ్చి నాన్న బీరువాలో పడి ఉంది. నా కొత్త ల్యాప్‌టాప్ దాన్ని చూసి ముఖం తిప్పుకుంది. ఇది నా దగ్గర నడవదు పొమ్మంది. పాత కంప్యూటరులా నటించే ఒక ప్రోగ్రాం దింపుకుని అందులో పెట్టాను. ఈసారి నడవలేదు, పరుగెత్తింది. నేను వేలు కదిపేలోపే బొమ్మ మనిషి మూడుసార్లు చచ్చాడు. ఆ కాలపు ఆటలు చాలావాటికి సొంత వేగమంటూ ఉండదు, యంత్రం ఎంత జోరుగా ఉంటే అవీ అంత జోరు. అందుకే ఆ ప్రోగ్రాంలో వేగం తగ్గించే అంకె ఒకటి ఉంటుంది. పాత యంత్రం ఏ రకమో నాన్నను అడిగి, ఇంటర్నెట్లో వెతికి, దానికి సరైన అంకె పెట్టి భుజాలు చరుచుకున్నాను.

ఆదివారం అత్త విరుదునగర్ నుంచి కోవిల్‌పట్టిలోని మా ఇంటికి బస్సులో వచ్చింది. నూనె పరోటా పొట్లాలు నా చేతిలో పెట్టి నేరుగా ల్యాప్‌టాప్ ముందు కూర్చుంది. రెండో అంతస్తులో బండ మీద పడింది. మళ్ళీ ఆడితే మళ్ళీ అక్కడే. మూడోసారి మొదటి అంతస్తే దాటలేదు.

"ఇది మన ఆట కాదు. శానా జోరుగా పోతా ఉండాది," అంది.

"ఆడలేక మద్దెల ఓడన్నట్టు!" అన్నాడు నాన్న, కుర్చీలో వెనక్కి వాలి. నేనూ లోపల అదే అనుకున్నాను. అంకె సరిగ్గానే ఉంది, ఇక తేడా అంతా అత్త వేళ్ళలోనే అని.

అత్తకు రోషం వచ్చింది. "నువ్వు ఆడు కన్నూ. నేను వింటా," అని కళ్ళు మూసుకుంది.

అత్త బతుకంతా మరమగ్గాల మధ్యే గడిచింది. పక్క గదిలో ఏ మగ్గానికి బెల్టు జారుతోందో పొయ్యి దగ్గర నుంచే చెప్పగలదు. ఆటలో బొమ్మ మనిషి అడుగు వేసినప్పుడల్లా టిక్కుమని శబ్దం వస్తుంది. అది విని అత్త "దించు" అంది. అంకె తగ్గించాను. "ఇంకా దించు." తగ్గించాను. "అయ్యో, శానా దించేస్తివి, పడుకొనేసె. కొంచం ఎక్కించు. ఆఁ, ఇదే! ఇట్లే ఉండనీ." చూస్తే నేను పెట్టినదానిలో సగం కూడా లేదు.

"ఆ కంప్యూటరు ఇంత నిదానంగా ఎట్ల పోతుంది అత్తా?"

నాన్న నెత్తి కొట్టుకున్నాడు. "టేపు! మీ తాత టేపు అంటించె కదా!"

చీర అంచుల డిజైన్లు గీయించడానికి తాత ఆ కంప్యూటరును శివకాశిలో ఒక ప్రెస్సు నుంచి పాతది కొన్నాడు. దాని ముందువైపు ఒక మీట ఉండేది. అది నొక్కితేనే యంత్రం పూర్తి వేగం అందుకుంటుంది. మగ్గాన్ని మితిమీరి తోలితే నూలు తెగుతుంది కాబట్టి, దీని గతీ అంతేనని తాత ఆ మీటను ఎవరూ నొక్కకుండా నల్ల టేపు వేసేశాడు. ఎవరికీ పీకే ధైర్యం లేకపోయింది. అంటే ఆ ఆటను దాని అసలు వేగంలో మా ఇంట్లో ఎవరూ ఎన్నడూ ఆడనే లేదు! ఇంటర్నెట్టుకు తెలియనిది అత్త చెవికి తెలిసింది. నాకు సిగ్గేసింది, అంతకన్నా ఎక్కువగా సంబరమేసింది.

ఇక చూడాలి అత్తను. మూడు, అయిదు, ఏడు. నాన్న కుర్చీ ముందుకు జరిగింది. తొమ్మిదో అంతస్తులో ఒకసారి చచ్చి, పెదవి కరుచుకుని మళ్ళీ ఎక్కింది. పన్నెండో అంతస్తులో తలుపు తెరుచుకుని బొమ్మ మనిషి గంతులేశాడు. నా అరుపుకు పక్కింటావిడ ఏమైందోనని వచ్చి చూసిపోయింది. నాన్న "గెలిచినావక్కా" అని చప్పట్లు కొట్టి, పరోటా పొట్లం విప్పాడు. పాత సంగతి మాత్రం ఎత్తలేదు.

సాయంత్రం బస్టాండులో అత్త నా చెయ్యి పట్టుకుంది.

"కన్నూ, ఆ దినం నేను ముగించలేదు. తొమ్మిదో అంతస్తులో ఉండంగా కరెంటు పోయె. ఆ వారమే మీ తాత నా చదువు నిలిపి మగ్గం కాడికి పంపించె. మీ నాయనకి కంప్యూటరు, నాకు మగ్గం. ఇదొకటైనా వాడికి ముందు నేను గెలిచినట్టు ఉండనీ అని చెప్పేస్తిని. కరెంటు పోకుంటే గెలిచే ఉంటా కదా?"

"గెలిచే ఉంటావు అత్తా," అన్నాను.

"మీ నాయనకి చెప్పు. ఇప్పుడు నాకేం బయం?" అని బస్సెక్కింది.

ఇంటికొచ్చి చెప్పాను. ఇక నాన్నను పట్టుకోలేమనుకున్నాను. ఆయన నవ్వలేదు.

"కరెంటు పోలేదు పాపా," అన్నాడు. పెళ్ళి నుంచి ఆయన ఒక్కడూ ముందుగా తిరిగొచ్చి కిటికీలోంచి చూశాడట. తాను నాలుగు దాటలేని ఆటలో అక్క తొమ్మిదో అంతస్తులో ఉంది. "పదహారేండ్లు నాకు. కడుపు మండె. మెయిను దించేసి మళ్ళా పెళ్ళికే పోతిని."

అక్క చెప్పేది అబద్ధమని తెలిసినవాడు ఆయనొక్కడే. ఎలా తెలుసో నోరు విప్పలేనివాడూ ఆయనే. నేను అత్త నంబరు నొక్కి ఫోను ఆయన చేతిలో పెట్టాను.

బస్సు అప్పటికి సాత్తూరు దాటి ఉంటుంది. స్పీకరు పెట్టకుండానే అత్త తిట్లు నాకు వినబడ్డాయి. నాన్న ఒక చేత్తో కళ్ళు తుడుచుకుంటూ, నవ్వుతూ, ప్రతి తిట్టుకూ అవునని తలూపుతూ "ఆమాక్కా, ఆమా" అంటున్నాడు.