రెండుసార్లు కోసిన గేర్ రాడ్

పొద్దున్న తొమ్మిదికి హామిల్టన్‌లో బయల్దేరి, మధ్యాహ్నం ఒంటిగంటకి క్యాంపు గేటు ముందు కారు ఆపాను. జూన్ రెండో సోమవారం, ఇక్కడ చలికాలం. నార్త్ ఐలాండ్ నడిమధ్య, మంచుకొండల పక్కన, చెట్టన్నది లేని మిట్ట అది. గడ్డి దుబ్బులు, బూడిద మట్టి, దక్షిణం గాలి. కారు దిగీ దిగగానే చెవులు మొద్దుబారాయి. సెంట్రీ నా కాగితాలు చూసి, "టోపీ పెట్టుకో. ఇక్కడ చెవులు ఊడి పడతాయి," అన్నాడు. నవ్వలేదు.

నాకిచ్చిన సామాను: స్లీపింగ్ బ్యాగు ఒకటి, ఉన్ని టోపీలు రెండు, చేతి తొడుగులు రెండు జతలు, పెద్ద బూట్లు ఒక జత. బ్యారక్ గదిలో ఇనప మంచం, హీటర్. పన్నెండు వారాల డ్యూటీ. నేను డ్రైవర్ని. మంచు రోడ్ల మీద ట్రక్కులు తోలడం, బురదలో దిగబడ్డ బళ్ళని లాగడం నా పని.

హామిల్టన్‌లో మా పేట రోటోటూనాలో ఎవరింటికి భోజనానికెళ్ళినా అంకుల్స్ అడిగేది ఒకటే. "ఆర్మీలో చేశావంటగా, తుపాకీ కాల్చావా బాబూ?" కాల్చాను అంకుల్, అట్ట బొమ్మల మీద. నా వల్ల దెబ్బ తిన్నది ఒక్క మనిషే. తుపాకీతో కాదు, నా పాత కారు గేర్ రాడ్‌తో. ఆ సంగతి ఇప్పటిదాకా ఏ భోజనాల దగ్గరా చెప్పలేదు. ఇప్పుడు చెప్తున్నాను.

మా జట్టుకి వైద్యం చూసే మెడిక్ మన తెలుగమ్మాయి. రోటోటూనాలో పెరిగింది. తెలుగు అర్థమవుతుంది, మాట్లాడితే సగం ఇంగ్లీషు. మొదటి రోజే మెస్‌లో నా పేరు చూసి, "తెలుగా? అయితే అన్నా అని పిలుస్తా, ఓకేనా?" అంది. వద్దనడానికి నేనెవర్ని. క్యాంపు మొత్తంలో ఆమె చెయ్యి లాంటిది లేదనేవాళ్ళు. చలికి నరాలు ముడుచుకుపోయినవాడికి కూడా ఒక్క పోటుతో సూది ఎక్కించేది. ఎడమచేతి వాటం. ఆ చేత్తో నరం వెతుకుతుంటే మనకి నొప్పి తెలిసేది కాదు. విదేశంలో ఫీల్డ్ ఆసుపత్రి పోస్టింగ్‌కి ఆమె పేరు ఖరారైంది. ఆగస్టు ఆఖర్లో వెళ్ళాలి. రెండేళ్ళు దాని కోసమే కష్టపడింది.

రోజూ ఐదున్నరకి లేపేవారు. ఆరుంపావుకి ట్రక్కు చుట్టూ తిరగాలి. ఆయిలు, నీళ్ళు, టైర్లు, లైట్లు, ప్రతి నట్టూ చేత్తో తట్టి చూసి సంతకం పెట్టాలి. బండి ఇంకొకరికి అప్పగించేటప్పుడు ఉన్న లోపం నోటితో చెప్పాలి, కాగితం మీద రాయాలి. సార్జెంట్ దీన్ని మా బుర్రల్లోకి మేకు కొట్టినట్టు ఎక్కించాడు. "బండిని నమ్మకండి. అప్పగించేవాడి మాటని నమ్ముతారు కాబట్టి, మాట సరిగ్గా చెప్పండి," అనేవాడు. నేను మైనస్ ఐదులో కూడా ఒక్క నట్టు వదల్లేదు. ఆర్మీ బండికి అంత భక్తి. నా సొంత కారు సంగతి వేరే.

అది పాత తెల్ల జపాన్ హ్యాచ్‌బ్యాక్. మాన్యువల్. గేర్ రాడ్ మూరెడు పొడుగు. గేరు మార్చాలంటే చెయ్యి ఈ మూల నుంచి ఆ మూలకి వెళ్ళాలి. బ్యారక్‌లో ఒకడు, "బస్సు కొన్నావా?" అని రోజూ ఏడిపించేవాడు. రాడ్ పొట్టిగా కోస్తే గేర్లు చకచకా పడతాయని ఫోన్‌లో వీడియో చూశాను. అందులోవాడు పది నిమిషాల్లో కోసి చూపించాడు. దీనికోసం డబ్బు పోసి పొట్టి రాడ్ కిట్లు కొనేవాళ్ళు పిచ్చోళ్ళు అనిపించింది.

మూడో ఆదివారం, మధ్యాహ్నం ఒకటిన్నర. పార్కింగ్ షెడ్డు వెనక మొదలుపెట్టాను. రాడ్ కొన మీదుండే గేర్ నాబ్ తిప్పి తీశాను. తోలు తొడుగు కిందికి లాగాను. పైనుంచి నాలుగు వేళ్ళ మేర టేపు చుట్టి, రంపం బ్లేడుతో కోశాను. ఇరవై నిమిషాలు పట్టింది. అప్పుడు తెలిసింది అసలు విషయం. నాబ్ బిగించే మరలన్నీ కోసి పారేసిన ముక్కలోనే ఉన్నాయి. మిగిలిన రాడ్ నున్నగా ఉంది. కొత్త మరలు కొయ్యాలంటే వర్క్‌షాప్ ఫిట్టర్ దగ్గర డై అడగాలి. అడిగితే ఏం చేశావని అడుగుతాడు. అందుకని రెండు ట్యూబుల జిగురు కలిపి, రాడ్ చివర పూసి, నాబ్ నొక్కి పెట్టాను. కోసిన అంచు ఆకురాయితో రుద్దలేదు. లోపలుండేదే కదా అనుకున్నాను.

మర్నాడు ఫిట్టర్ నా కార్లో కూర్చుని గేర్లు వేసి చూశాడు. ఇనప సామాన్లంటే ప్రాణం పెట్టే మనిషి. "బాగుందే. ఏ కిట్ ఇది?"

"జపాన్ నుంచి తెప్పించా," అన్నాను.

ఎందుకన్నానో ఇప్పుడు దాచుకోను. అంతకు వారం ముందే ఒకడు నవ్వుతూ, మీ దేశంలో అన్నీ తాడు కట్టి నడిపిస్తారట కదా అన్నాడు. నా వల్ల అది నిజమైందని అనిపించుకోవడం ఇష్టంలేదు. పరువు. మనవాళ్ళకి ప్రాణం కన్నా ముందు నిలబడేది అదే.

"కిట్ అయితే సరే," అన్నాడు ఫిట్టర్. "చేత్తో కోసిందేమో, తీసి చూద్దామనుకున్నా." దిగి వెళ్ళిపోయాడు.

ఐదో వారం, గురువారం. నాబ్ కింద టిక్‌మని చిన్న చప్పుడు వినిపించింది. రాత్రుళ్ళు మైనస్ ఏడు. జిగురు చలికి పెళుసెక్కిందేమో అనుకున్నాను. ఆదివారం చూద్దాంలే అనుకున్నాను.

శుక్రవారం మధ్యాహ్నం మూడింటికి మెడిక్ వచ్చింది. వాళ్ళమ్మకి మర్నాడు హామిల్టన్‌లో కంటి ఆపరేషన్. తన కారు బ్యాటరీ డౌన్. "అన్నా, నీ కార్ తీసుకెళ్ళనా? సండే ఈవినింగ్‌కి రిటర్న్ చేస్తా. లేకపోతే నాలుగున్నర బస్సుకి వెళ్తా."

పక్కనే సార్జెంట్, ఫిట్టర్ టీ తాగుతున్నారు. టిక్‌మన్న చప్పుడు చెవిలోనే ఉంది. చెప్పాలంటే జిగురు సంగతి చెప్పాలి. జిగురు సంగతి చెబితే జపాన్ సంగతి చెప్పాలి. తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను.

"తీస్కెళ్ళమ్మా," అన్నాను. "గేర్ మాత్రం మెల్లగా వెయ్యి. చలికి కాస్త గట్టిగా ఉంటుంది."

కూర్చుని ఓసారి మార్చి చూసింది. "సో షార్ట్. జపాన్ కిట్ అంటగా? నైస్, అన్నా." మూడూ పదికి గేటు దాటింది.

మూడూ యాభైకి రేడియో మోగింది. ఆ రోజు రికవరీ ట్రక్కు డ్యూటీ నాదే. ఫిట్టర్ పక్క సీట్లో ఉన్నాడు.

"డెజర్ట్ రోడ్, రెండో వంతెన తర్వాత. కారు రోడ్డు దిగింది. మనిషి లోపలే ఉంది. మెడిక్‌ని తీసుకెళ్ళండి," అన్నాడు సార్జెంట్.

"మెడిక్ లీవులో ఉంది," అన్నాడు ఫిట్టర్.

రేడియో గరగరమంది. తర్వాత సార్జెంట్ గొంతు. "కారు తెల్ల హ్యాచ్‌బ్యాక్."

ఫిట్టర్ నా వైపు చూశాడు. నేను యాక్సిలరేటర్ తొక్కాను. హామిల్టన్ వైపు వెళ్ళే ఆ హైవే మీద ఇరవై రెండు నిమిషాల దారి. ఏం ఆలోచించానో గుర్తులేదు. వైపర్లు కదలడం ఒక్కటే గుర్తుంది.

పల్లంలో దిగే మలుపు. నీడలో రోడ్డంతా కంటికి కనపడని నల్ల మంచు. కారు గట్టుకి గుద్దుకుని ఆగి ఉంది. ఆమె సీట్లోనే ఉంది, స్పృహలో ఉంది, ముఖం సున్నం కొట్టినట్టుంది. నాబ్ కాళ్ళ దగ్గర పడి ఉంది. మలుపులో మూడో గేరుకి మారుస్తుంటే నాబ్ చేతిలోకి ఊడి వచ్చిందట. కారు న్యూట్రల్‌లో జారిపోతుంటే ఉత్త రాడ్‌నే అరచేత్తో తోసింది. అప్పుడే కారు గట్టుని గుద్దింది. నేను కోసి వదిలేసిన అంచు ఆమె ఎడమ అరచేతిలో దిగి, పైకి వచ్చింది. గేర్ రాడ్ మీద చెయ్యి వేసి కూర్చున్నట్టే ఉంది, మామూలుగా.

నేను ఆ చేతిని పట్టుకోబోయాను.

"ముట్టుకోవద్దు," అంది. డ్యూటీలో మాట్లాడే గొంతు. "చెయ్యి పైకి లాగితే బ్లీడింగ్ ఆగదు. రాడ్ నాతోనే రావాలి. కింద కొయ్యండి. రంపం ఉందా?"

ఉంది. ట్రక్కు టూల్ బాక్సులో.

ఫిట్టర్ రాడ్‌ని రెండు పట్టకార్లతో కదలకుండా పట్టాడు. నేను తోలు తొడుగు దింపి, గేర్‌బాక్సు దగ్గర బ్లేడు పెట్టాను. మొదటి కోతకి ఆమె పళ్ళు గట్టిగా బిగించింది. ఆపాను. "ఆపకు అన్నా. ఆపి మళ్ళీ స్టార్ట్ చేస్తే ఎక్కువ నొప్పి." మళ్ళీ మొదలుపెట్టాను. నాకు చలి లేదు, చెమట కళ్ళలోకి కారుతోంది. నా జీవితంలో అంత సిగ్గు ఎప్పుడూ పడలేదు. రంపం చప్పుడు తప్ప ఆ మిట్ట మీద ఇంకే చప్పుడూ లేదు. పద్నాలుగు నిమిషాలు.

మధ్యలో ఆమె నాతో అంది, "అన్నా, ఆ జపాన్ కంపెనీకి రాయి. ఇంకెవరికీ ఇలా అవ్వకూడదు."

రాస్తానని తలూపాను. అవును, అప్పుడు కూడా తలూపాను.

ఐదుంపావుకి హెలికాప్టర్ ఆమెని తీసుకెళ్ళింది. ఫిట్టర్ కార్లోకి వంగి నాబ్ తీశాడు. లోపల గట్టిపడ్డ జిగురుని గోటితో గీకాడు. "నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?" అన్నాడు.

నేనే చెప్పాను, సార్జెంట్ ముందు నిలబడి, ఆరు గంటలకి. ఆయన తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "ఆ అమ్మాయి నీ బండిని కాదు, నీ మాటని నమ్మింది," అని మాత్రం అన్నాడు. మిగిలిన ఏడు వారాలు నాకు స్టీరింగ్ ఇవ్వలేదు. బొగ్గు మోశాను, మెస్ కడిగాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే అదే. ఏడాది చివర నా అంతట నేనే ఆర్మీ వదిలేశాను.

అంతకుముందే, పన్నెండు వారాలూ ముగిశాక, సెప్టెంబర్ మొదట్లో హామిల్టన్ బస్సు దిగి నేరుగా రోటోటూనా వెళ్ళాను. మెడిక్ వాళ్ళమ్మ, ఆంటీ, తలుపు తీసింది. ఆపరేషన్ ఆలస్యంగా జరిగినట్టుంది, ఒక కంటికి నల్లద్దం. నన్ను చూడగానే నా రెండు చేతులూ పట్టుకుంది.

"నువ్వు దగ్గరుండి కోసి తీయబట్టి నా పిల్ల దక్కింది బాబూ. నీ రుణం తీర్చుకోలేను. రా, ముందు అన్నం తిను."

మెడిక్ సోఫాలో ఉంది. ఎడమ చెయ్యి ప్లాస్టిక్ బద్దలో. నడిమి వేలు, ఉంగరం వేలు వంగడం లేదు. సూది పట్టుకోలేదు. ఆమె వెళ్ళాల్సిన విమానం వారం క్రితమే వెళ్ళిపోయింది, వేరే మెడిక్‌తో. "హాయ్ అన్నా," అని నవ్వింది. క్యాంపులో ఎవరూ ఆమెకింకా చెప్పలేదు. ఆ పని నాకే వదిలారు.

కంచం ముందు కూర్చోలేకపోయాను. నిలబడే చెప్పాను. జపాన్ లేదు ఆంటీ, కిట్ లేదు. నేనే కోశాను. మరలు లేకపోతే జిగురు పెట్టి అతికించాను. అది వదులైందని ముందురోజే తెలుసు. తెలిసే తాళం ఇచ్చాను.

"గ్లూ?" అంది మెడిక్. "జస్ట్ గ్లూ?"

"అవునమ్మా."

"చెప్పుంటే నేను బస్సుకి వెళ్ళేదాన్ని కదన్నా." గొంతు పెంచలేదు. నిజంగానే అర్థంకాక అడిగినట్టు అడిగింది.

ఆంటీ లేచి వెళ్ళి కూతురి పక్కన సోఫాలో కూర్చుంది. ఆ బద్ద కట్టిన చేతిని తన ఒళ్ళోకి తీసుకుంది. భుజం మీది శాలువా అంచు లాగి, నా కంట పడకుండా దాన్ని కప్పేసింది.