ముడి కిందికి చేరని బూడిద

1989 వేసవి. అప్పటికి సిద్దిపేట మెదక్ జిల్లాలో ఒక పట్టణం మాత్రమే. నేను మిరుదొడ్డి వైపున్న ఒక పల్లెలో పశువైద్యుడిగా పనిచేస్తున్నాను. రెండు గదుల పెంకుటిల్లు, ఒక మందుల బీరువా, ఎడ్లను కదలకుండా నిలబెట్టడానికి ఆవరణలో ‘ట్రెవిస్’ అని మేము పిలిచే కొయ్య చట్రం. ఇదీ మా ఆసుపత్రి. పొద్దున్నే మగవాళ్లు ఎడ్లను, బర్రెలను తోలుకొని వచ్చేవారు. కోళ్లను తెచ్చేది ఆడవాళ్లు. మగవాళ్లందరూ వెళ్లిపోయేదాకా గోడ పక్కన నిలబడి, ఆ తర్వాత కొంగు కింద నుంచి కోడిని బయటికి తీసేవారు. కోడికి వైద్యం అడగడం వాళ్లకు నామోషీ.

సుగుణ కూడా అలాగే వచ్చింది. తాటిచెట్లెక్కి కల్లు గీత పని చేసే రాములు భార్య. ఇంట్లో బీడీలు చుట్టేది. చేతిలో నల్లని పెట్ట.

“తింటది, తాగుతది సారు. గుడ్ల మీద కూసున్నది కూసున్నట్టే వాడిపోతది. ఇట్లనే ముందు రెండు సచ్చినయి.”

పెట్ట తురాయి సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది. ఈకలు విడదీసి చూశాను. ఒంటి మీద ఒక్క పురుగూ లేదు. ‘ఎనీమియా’, అంటే రక్తహీనత, ఉంది; రక్తం తాగేది కనబడదు. అటువంటప్పుడు కోడిని కాదు, కోడి పడుకునే చోటును పరీక్షించాలి. ‘రెడ్ మైట్’ అనే పురుగు ఆవగింజలో సగం ఉండదు. పగలంతా గూటి పగుళ్లలో దాగి, చీకటి పడ్డాక కోడి మీదికి ఎక్కి, కడుపు నింపుకొని తిరిగి పగుళ్లలోకి పోతుంది. ఆ సాయంత్రమే వాళ్లింటికి వెళ్లాను.

గడపలోనే సుగుణ అత్త బాలవ్వ ఎదురైంది.

“కోడికి డాక్టరా! నా మోకాళ్లు పట్టుకపోయి మూడేండ్లాయె, నన్నడిగినోడు లేడు.”

“మోకాళ్లకు నా దగ్గర మందు లేదు బాలవ్వా. కోడికి ఉంది.”

“అయితే నేను కోడిగనన్న పుట్టకపోతి!” అని నవ్వి దారి ఇచ్చింది.

మట్టి గోడల గూడు వంటింటికి ఆనుకొని ఉంది. గోడలో వేలు దూరేటన్ని పగుళ్లు. ఆ రోజుల్లో పంటచేలకు చల్లే గమాక్సిన్ పొడినే చాలామంది కోళ్ల గూళ్లలో కూడా చల్లేవారు. వంటింటి పక్కన, పిల్లలు లేచే గుడ్ల నడుమ ఆ విషాన్ని చల్లించడానికి నేను ఒప్పుకునేవాణ్ణి కాను. ఇంట్లో దొరికే పొడులనే చెప్పాను. పొయ్యి బూడిదను సన్నని గుడ్డతో జల్లించాలి. నీడన ఎండిన వేపాకును దంచి కలపాలి. బీడీల చాటలో మిగిలే తంబాకు దుమ్మును చిటికెడే వేయాలి. ఎక్కువైతే కోడికే ముప్పు. గూటిని గీకి, ఊడ్చి, పగుళ్లలో ఈ పొడిని కూరాలి. గూటి బయట ఒక గుంట తవ్వి అందులోనూ పోస్తే కోళ్లు పొర్లి తమ ఒళ్లు తామే శుభ్రం చేసుకుంటాయి. దాన్ని ‘డస్ట్ బాత్’ అంటాము. సన్నని బూడిద పురుగు ఒంటి మీది మైనపు పొరను గీరి, లోపలి తేమను పీల్చేస్తుంది. పురుగు ఎండి చస్తుంది. అయితే ఒక నియమం ఉంది. పొడి పురుగును తాకాలి. తాకని చోట అది ఉత్త బూడిదే.

గూటి లోపల అడ్డంగా ఒక వెదురు కర్ర ఉంది. నడుమ పసుపు గుడ్డ చుట్టి గట్టిగా ముడి వేసి ఉంది. ఎర్రని పుంజు ఒకటి రోజూ రాత్రి ఆ కర్ర మీదే కూర్చుంటుందట. గుడ్డ అంచును పుల్లతో కదిలించి, కింద నా తెల్ల రుమాలు పట్టాను. ఉప్పు, మిరియాల పొడి కలిసినట్టు బూడిదరంగు నలుసులు రాలి, పాకసాగాయి. బొటనవేలితో నొక్కితే రుమాలు ఎర్రబారింది.

“ఇది మీ పెట్టల రక్తం,” అన్నాను.

“అమ్మవారి కుంకుమ రాలితే రక్తమంటవేంది సారు? పుల్ల తియ్యి!” బాలవ్వ నా చెయ్యి పక్కకు నెట్టింది. “అది ఎల్లమ్మకిచ్చే పుంజు. నా కోడలి కడుపు పండితే ఇస్తనని మొక్కిన. ముడి నేనేసిన. పండిన్నాడు నేనే ఇప్పుత. పొయ్యిల బూడిద, బీడీల తంబాకు దాని మీద పడొద్దు.”

బూడిద వద్దంటే పసుపు, వేపాకు పొడి చల్లమన్నాను. రెండూ అమ్మవారికి ఇష్టమైనవే కదా అన్నాను. ఆమె కొంత మెత్తబడింది.

“పసుపు చల్లుకోండ్రి. ముడి మాత్రం ముట్టొద్దు.”

సుగుణ క్రమశిక్షణ గల మనిషి. నేను మళ్లీ వెళ్లేసరికి గోడల్లో పగులన్నది మిగల్లేదు. పొడి కూరి, పైన మట్టి మెత్తింది. గుంటలో కోళ్లు పొర్లుతున్నాయి. కొన్నాళ్లు తురాయిలు ఎర్రబడ్డాయి. వానలు మొదలయ్యాక మళ్లీ తెల్లబడ్డాయి. పసుపు ముడి పైననే పడింది. పురుగు ముడి కింద గుడ్లు పెట్టింది. గంప కింద పొదుగుతున్న మరో పెట్ట చనిపోయింది.

ఆ పెట్టలు సుగుణ పుట్టింటి నుంచి తెచ్చుకున్నవి. పెళ్లయి ఆరేళ్లు, సంతానం లేదు. ఆ ఇంట్లో ఆమె చేతి మీదుగా ఏదైనా పెరుగుతుందని చూపించడానికి ఆ కోళ్లు తప్ప మరేమీ లేవు. ఆ సంగతి బాలవ్వకూ తెలుసు. వాకిట్లో నలుగురు ఆడవాళ్ల ముందు, నేను వింటుండగానే అన్నది:

“దాని చెయ్యే అసువంటిది. కడుపుల కాయ నిలువదు, గంప కింద పిల్ల నిలువదు.”

సుగుణ బీడీ ఆకు కత్తిరిస్తూనే ఉంది.

రాములుతో మాట్లాడదామని తాళ్లవనానికి వెళ్లాను. సుగుణ అన్నం గిన్నె పట్టుకొని అక్కడే ఉంది. అతడు చెట్టెక్కడానికి నడుముకు కట్టుకునే మోకును సరిచూసుకుంటున్నాడు. ఆ తాడు ముడి మీదే గీత పనివాడి ప్రాణం ఉంటుంది.

“ఒక్కసారి ఆ గుడ్డ విప్పి మరిగే నీళ్లలో ముంచు. కర్రకు బూడిద పట్టించి తిరిగి కట్టు. మొక్కు ఎక్కడికీ పోదు,” అన్నాను.

“మీరు చెప్పేది నిజమే కావచ్చు సారు. అది అవ్వ కట్టిన ముడి. నేనెట్ల ఇప్పుత?”

“మీ అమ్మ నీ భార్యను ఏమంటున్నదో విన్నావా?”

“ముసల్ది. అంటది, పోతది.” అతడు చెట్టెక్కడం మొదలుపెట్టాడు. చూస్తుండగానే మట్టల మధ్యకు చేరాడు.

బాలవ్వ కొమురవెల్లి గుడికి పోయిన రోజున ముడి విప్పింది సుగుణ. గుడ్డను ఉడకబెట్టి, కర్రను గీకి, బూడిద పట్టించి, మళ్లీ పసుపులో ముంచి కట్టింది. నెల తిరిగేసరికి ఆసుపత్రికి వచ్చింది. ఆ రోజు గోడ పక్కన నిలబడలేదు. మగవాళ్లందరూ ఉండగానే నేరుగా నా ముందుకు వచ్చి, “నల్ల పెట్ట పిల్లలు లేపింది సారు. ఒక్క గుడ్డు మురగలే,” అని చెప్పి వెళ్లింది. ఆమె నవ్వగా చూసింది ఆ ఒక్కసారే.

ఎవరూ చెప్పకుండానే బాలవ్వ కనిపెట్టింది. గుడ్డ అదే, పసుపు అదే. ముడి వేసిన తీరు తనది కాదు.

కల్లు దుకాణం ముందు పంచాయితీ పెట్టారు. పిలవకపోయినా వెళ్లాను. పురుగు సంగతి, పొడి సంగతి వివరించబోతే కులపెద్ద చెయ్యెత్తి ఆపాడు.

“సారు, మీరు పశువుల డాక్టరు. ఇది మనుషుల పంచాయితీ.”

అందరూ నవ్వారు. తర్వాత సుగుణను అడిగాడు. “ముడి ఇప్పినవా?”

“ఇప్పిన. కోళ్లు బతికినయి. వచ్చి సూడుండ్రి.”

“కోళ్ల గురించి ఎవలడిగిండ్రే?” బాలవ్వ గుండె బాదుకున్నది. “నా మనుమని ముడి ఇప్పినవు గదనే!”

రాములు మోకు ముడిని సరిచేసుకుంటూ కూర్చున్నాడు. సుగుణను సిద్దిపేటలోని తల్లిగారింటికి పంపించారు. కోళ్లను ఇవ్వలేదు. ఈ ఇంటి గింజలు తిన్నవి ఈ ఇంటివేనని తీర్మానించారు.

మరుసటి వేసవిలో కోళ్లకు కొక్కెర తెగులు టీకా వేస్తూ ఆ ఇంటికి వెళ్లాను. వాకిలి నిండా కోళ్లు. రాములు రెండో పెళ్లి చేసుకున్నాడు. బాలవ్వ నన్ను ఆదరంగా పిలిచి పీట వేసింది.

“సూడు సారు, మంజుల కాలు పెట్టంగనే గూడు నిండింది. చల్లని చెయ్యి.”

“ఇవన్నీ ఆ నల్ల పెట్ట సంతానం బాలవ్వా. ఆ పెట్టను బతికించింది సుగుణ చెయ్యి.”

“శుభమా అని వచ్చి ఎవలి పేరు తీస్తున్నవు సారు?” అని ఆమె పీట మీద నుంచి నన్ను లేపినంత పని చేసింది.

గూటిలోకి వంగాను. కర్ర మీద కొత్త పసుపు గుడ్డ, కొత్త ముడి. పక్కన ఎల్లమ్మకు మొక్కిన కొత్త పుంజు. రుమాలు పట్టి చూశాను. మళ్లీ అదే ఉప్పు, మిరియాల పొడి రాలి పాకింది. మంజులకు ఇరవై ఏళ్లుండవు. జల్లించిన బూడిద చాటలో పట్టుకొని వచ్చి, గొంతు తగ్గించి అడిగింది.

“ఈ ముడి కింద గూడ చల్లాల్నా సారు?”

“చల్లాలి. నువ్వు మాత్రం విప్పకు.” అని, అరుగు మీదున్న రాములు వైపు తిరిగాను. “నువ్వు విప్పు. ఇప్పుడే, నా ముందు.”

అతడు తల్లిని చూశాడు. గుంజకు తగిలించిన మోకు తీసి భుజాన వేసుకొని, “తాళ్ల కాడ పొద్దుపోతది సారు,” అని వెళ్లిపోయాడు. ఆకాశంలో సగం దాకా ఎక్కగలిగిన మనిషి, నడుము ఎత్తున్న కర్ర ముడిని తాకలేకపోయాడు.

ఆ నెలలోనే సిద్దిపేట బజారులో సుగుణ కనిపించింది. బీడీల గంప దించి నిలబడింది.

“నల్ల పెట్ట ఉన్నదా సారు?”

“ఉంది. వాకిలి నిండా దాని పిల్లలే.”

“అయితే నా చెయ్యి మంచిదే గద సారు? ఆడ చెప్పిన్రా?”

“చెప్పాను.”

“ఏమన్నరు?”

అడిగిన మరుక్షణమే గంప ఎత్తుకున్నది. “పోనియ్యుండ్రి,” అని జనంలో కలిసింది.

తర్వాత నా ఉద్యోగ జీవితంలో ఎన్నో గూళ్లకు ఆ పొడి చెప్పాను. ఎంత బూడిద, ఎంత తంబాకు అని చెప్పే ముందు ఒక ప్రశ్న అడగడం అలవాటు చేసుకున్నాను. “ఈ గూటిలో ఉన్న ప్రతిదాన్నీ తాకే హక్కు మీ ఇంట్లో ఎవరికి ఉంది?” పొడి కలిపే విధానం ఆ మనిషికే నేర్పేవాణ్ణి. కోళ్లను సాకే మనిషి నోట “నాకున్నది” అనే మాట నేను చాలా తక్కువ ఇళ్లలో విన్నాను.