జోలికి పోవద్దన్న గుర్తు

బందరులో మా జిరాక్స్ షాపు పక్కనే శ్యాంబాబు కంప్యూటర్ల షాపు. చర్చి మైకు సెట్టు దగ్గర్నుంచి కాలేజీ లాప్‌టాపుల దాకా ఏదైనా బాగుచేస్తాడు. పెద్దవాళ్లకి ఎదురు చెప్పడం మాత్రం చేతకాదు. ఆ మెతకదనమే కొంప ముంచింది.

గుడివాడ శోభనాద్రి గారికి కృత్తివెన్నులో రొయ్యల చెరువులున్నాయి. నీళ్లలో ఆక్సిజన్ తగ్గితే సైరన్ మోగేలా అక్కడి షెడ్డులో శ్యాంబాబు ఒక చిన్న కంప్యూటర్ పెట్టాడు. అంతకు ముందు కాపలా మనిషి అప్పయ్య గంటకోసారి గట్టు వెంట తిరిగేవాడు. రొయ్య పైకి తేలితే చాలు, నీళ్లను చిలికే ఏరియేటర్లు వేసేవాడు. ఇరవై ఏళ్ల అలవాటు అది.

"ఇక తిరగొద్దు. సైరన్ దగ్గర్నుంచి కదలకు" అన్నారు శోభనాద్రి గారు.

తర్వాత ఆయనకి కెమెరాల మోజు పట్టింది. రెండు కాస్తా పన్నెండయ్యాయి. అన్నిటినీ షెడ్డులోని ఆ చిన్న కంప్యూటరే నడపాలి, దానికి మెమరీ చాలలేదు.

కంప్యూటర్‌లో పెత్తనమంతా కెర్నల్ అనే మూల ప్రోగ్రాంది. అడిగిన ప్రతి ప్రోగ్రాంకీ మెమరీ ఇస్తానంటుంది, అందరూ ఒకేసారి రారులే అన్న ధీమాతో. వందమందికి వండి నూటయాభైమందిని పిలిచే పెళ్లివారి తీరు. అందరూ వచ్చి కూర్చుంటే మాత్రం ఒక ప్రోగ్రాంని చంపేస్తుంది, అంటే మధ్యలోనే ఆపేస్తుంది. మామూలుగా ఎక్కువ తినేదాని వంతే ముందు. ఇక్కడ ఎక్కువ తినేవి కెమెరాలు. అవి ఆగినప్పుడల్లా గుడివాడ నుంచి ఫోను.

"ఏమయ్యా, ఫోన్‌లో బొమ్మ మళ్లీ నల్లగా వస్తోంది! ఆ అప్పయ్య ఏం చేస్తున్నాడో నాకెలా తెలుస్తుంది?"

ఆక్సిజన్ గురించి ఆయన ఒక్కసారీ ఫోను చెయ్యలేదు. ఫలానా ప్రోగ్రాం జోలికి పోవద్దని కెర్నల్‌కి తెలిసేలా దానికో గుర్తు పెట్టవచ్చు. శ్యాంబాబు ఆ గుర్తు కెమెరాలకి పెట్టాడు.

"మరి ఆక్సిజన్‌దానికో?" అన్నాను.

"అదెప్పుడూ గోల చెయ్యలేదుగా బావా" అన్నాడు. నాకు ఒళ్లు మండింది, కానీ నేనూ నోరు మూసుకున్నాను.

ఆగస్టులో మూడు రోజులు ముసురు పట్టింది. ఎండ లేకపోతే చెరువులో ఆక్సిజన్ పడిపోతుంది. పగలు పదకొండింటికి జోరు వానకి బొమ్మంతా కదులుతుంటే కెమెరాలన్నీ ఒక్కసారిగా మెమరీ లాగాయి. కెర్నల్ వాటిని ముట్టుకోలేదు. వాటి తర్వాత పెద్దదైన ఆక్సిజన్ ప్రోగ్రాంని చంపింది. ఏ చప్పుడూ రాలేదు. తెర మీద చివరి అంకె అలాగే నిలిచిపోయింది. సైరన్ పక్కన అప్పయ్య బుద్ధిగా కూర్చున్నాడు. అతను కదలకుండా కూర్చోవడం గుడివాడలో శోభనాద్రి గారు ఫోన్‌లో చూసుకుంటూనే ఉన్నారు. నాలుగు గంటలు అలాగే గడిచాయి.

మేత వెయ్యడానికి లేచినప్పుడు అప్పయ్య చూశాడు. అప్పటికి మూడు చెరువుల్లో రొయ్యలు పోయాయి.

సాయంత్రం శ్యాంబాబుతో నేనూ వెళ్లాను. గట్టు మీద నిలబడలేనంత నీచు వాసన.

"నిద్రపోయావురా!" అని శోభనాద్రి గారు అరుస్తున్నారు.

"మోగలేదు బాబూ, నా బిడ్డల మీద ఒట్టు, మోగలేదు" అంటున్నాడు అప్పయ్య. నిద్రపోయాడన్న కబురు పాకితే ఈ చుట్టుపక్కల ఏ చెరువు గట్టూ అతన్ని ఎక్కనివ్వరు.

కెర్నల్ దేన్ని ఎప్పుడు చంపిందో కంప్యూటర్లోనే ఒక లైను రాసి పెడుతుంది. అది చదవగలిగినవాడు అక్కడ శ్యాంబాబు ఒక్కడే. చదివాడు. చెప్పకపోతే ఎవరికీ తెలియదు. అయినా శోభనాద్రి గారి దగ్గరికి నడిచాడు.

"అప్పయ్య తప్పేం లేదండీ. మీరు కోప్పడతారని కెమెరాల్ని కాపాడాను. అందుకని సైరన్ మోగించేది చచ్చిపోయింది. తప్పు నాది. గుర్తు ఇప్పుడే మార్చేస్తాను. ఇకమీదట మెమరీ చాలకపోతే కెమెరాలే ఆగుతాయండీ."

శోభనాద్రి గారు ఫోను తీసి కెమెరాలు వస్తున్నాయో లేదో చూసుకున్నారు.

"వద్దు, అలాగే ఉంచు" అన్నారు. "రొయ్యలు మళ్లీ వేసుకోవచ్చు. మనిషి మీద కన్ను లేకపోతే ఎలాగయ్యా?"

శ్యాంబాబు గుర్తు అలాగే ఉంచేశాడు. అప్పయ్యని మళ్లీ సైరన్ దగ్గరికే పంపారు. అతను కూర్చుని, దాని వంక భయంగా చూసి, గొంతు తగ్గించి శ్యాంబాబుని అడిగాడు.

"ఇది మోగకపోతే అంతా బాగున్నట్టా, చచ్చినట్టా? నాకెట్టా తెలుస్తదండీ?"