ఏం డైట్ చేశారని అడిగిన మోకాళ్ల డాక్టరు గారు

బుజ్జులూ, ఈ రోజు పక్కింటి రజియా గారూ నేనూ ఉంగుటూరులో బస్సెక్కి, ఏలూరు మోకాళ్ల డాక్టరు గారి దగ్గరికి వెళ్లాం. రజియా గారి రక్తపరీక్ష చూసి డాక్టరు గారు కీళ్లవాతం అన్నారు, మందులు ఆపకూడదట. నాది మోకాళ్ల అరుగుదలట. ఆపరేషన్ అంటారేమోనని నేను హడలిపోతుంటే, ఆయన నా పాత చీటీలో బరువు చూసి నవ్వారు.

"ఎనిమిది కేజీలు తగ్గారే! మోకాళ్లకి చాలా మంచిదండీ. ఏం డైట్ చేశారు?"

రజియా గారే అందుకున్నారు.

"డైటూ లేదు, ఏమీ లేదండీ. కూతురు పోయిన దగ్గర్నుంచి ఈవిడ అన్నం సరిగ్గా తింటేగా!"

ఆయన నవ్వు ఆగిపోయింది. నా తొడ నొక్కి చూశారు.

"మోకాలికి ఆసరా ఈ కండేనమ్మా. అదే కరిగిపోయింది. ఆపరేషన్ ఇప్పుడే వద్దు. గుడ్డు, పప్పు, చేప తినండి. రోజూ కుర్చీలో కూర్చుని కాలు చాపి, పది లెక్కపెట్టి దించండి" అన్నారు.

బుజ్జులూ, నువ్వు వెళ్లాక నేను చేపల పులుసు పెట్టలేదు. ఈ రోజు వచ్చేటప్పుడు కొల్లేటి కొర్రమీను కొని పులుసు పెట్టాను. ఉప్పెక్కువైంది. అయినా నీ కంచంలో పెట్టుకుని నాలుగు ముద్దలు తిన్నానే తల్లీ.

సన్నబడ్డావు, బాగున్నావు అని మా వీధిలోనూ చాలామంది అన్నారు. వాళ్లకేం తెలుసులెండి. ఇది చదువుతున్న మిమ్మల్నీ ఎవరైనా ఇలా మెచ్చుకుంటే ఏం చెప్పారో రాయండి.

మీరందరూ వేళకి కడుపునిండా తినండి.