చేతిలో ఎండుమిరపకాయ

మిరప పంట పోయిన ఏడాది, నిద్ర పట్టడం లేదని ఒంగోలులో మానసిక డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను. ఆమె నా అరచేతిలో ఎండుమిరపకాయ పెట్టి, "మంచీ చెడూ ఎంచకుండా ఊరికే చూడండి," అంది.

అలవాటుకొద్దీ గింజలు గలగలమంటాయేమోనని చెవి దగ్గర ఆడించాను. "తేమ ఉందమ్మా, మిర్చి యార్డులో ఎవడూ కొనడు."

"బేరానికి కాదండీ. కళ్లు మూసుకుని వాసన చూడండి."

గంటసేపు మునిలా కూర్చున్నానని తర్వాత ఊళ్లో కోతలు కోశాను. నిజానికి నిమిషం కూర్చోలేదు. ఘాటు తగలగానే మా కొట్టం, అందులో నేను దాచుకున్న పురుగుమందు డబ్బా కళ్లముందుకొచ్చాయి. చటుక్కున కళ్లు తెరిచాను.

"ఏం కనిపించిందండీ?"

"నా బాధ నిద్ర కాదమ్మా. చావాలనిపిస్తోంది. మందు డబ్బా దాచాను."

"మీ ఆవిడకి ఇప్పుడే ఫోన్ చేద్దాం."

"అది అరుస్తుందమ్మా!"

"అరవనివ్వండి. ముందు ఆ డబ్బా తీయించాలి."